ముప్పై నాలుగు నంబరు కవచం

ఫిబ్రవరి 3, సోమవారం. వికారాబాద్.

నిన్న మర్పల్లి కూడికలో వాక్యం చెప్తుంటే భుజం నొప్పికి కుడిచెయ్యి లేవలేదు. హల్లెలూయా అన్నప్పుడు ఎడమచెయ్యి ఒక్కటే లేపిన.

పొద్దున తాండూరు నుంచి పద్మారాణి ఫోన్. అక్కడ స్త్రీల సభలు పెట్టేది ఆమెనే. పోయినేడు వాక్యం నడుమల్నే నొప్పని కూర్చున్నవ్ అక్కా, ఈ 14న సభల వాక్యం చెప్ప చేతనైతదో కాదో ఇప్పుడే చెప్పు, లేకుంటే వేరే ఆమెను పిలుస్తం అన్నది. చేతనైతది అన్న. కోపంగనే అన్న.

మా ఆయన హన్మయ్య ఇది శత్రువు బాణం, సైతాను పని అంటడు. నేనూ అదే అనుకున్న. ఉపవాసాలున్న, నూనె రాసుకున్న, యేసు నామంలో పో అని గద్దించిన. పోలే.

ఫిబ్రవరి 4. పొద్దున 5.

స్నానానికి పోయి బ్రా విప్పిన. నొప్పి తగ్గింది. మళ్లీ తొడిగిన. వచ్చింది. అద్దంలో చూసుకుంటే భుజం మీద వేలు పట్టేంత గుంట, పట్టీ కోసుకుపోయిన జాగ.

ఇన్ని నెలలు నేను గద్దించింది ఎవర్ని?

ఫిబ్రవరి 4. సాయంత్రం.

నా బ్రాలు కొనేది హన్మయ్య. పెండ్లయినప్పటి సంది ఆయనే పేపర్ల సుట్టించుకొని తెస్తడు. ముప్పై నాలుగు. గా నంబరు ఎక్కడిది అని అడిగిన. పెండ్లప్పుడు షాపాయన సైజ్ ఎంత అంటే, సన్నగనే ఉంటది అని చెప్పిండట. గప్పుడు ఇచ్చిన నంబరే ఇయ్యాళటిదాంక. ఇద్దరు పిల్లలు పుట్టిన్రు, నాకు యాభై ఏండ్లు దగ్గరవడ్డయ్. యేసుక్రీస్తు నిన్న, నేడు, నిరంతరం ఒక్కటే రీతిగ ఉన్నడు, హెబ్రీ 13:8. అది ఆయన సంగతి. నాది కాదు.

బిగుతయిందని నువ్వు ఎన్నడన్న చెప్పినవా అన్నడు హన్మయ్య. ఇంకా మండింది.

ఫిబ్రవరి 6.

నేనే పోయిన బజార్ల షాపుకు. గల్లా దగ్గర మా సంఘం దశరథ్ బనియన్లు కొంటున్నడు. వందనాలు అమ్మగారూ అన్నడు. షాపాయన ఏం గావాలమ్మా అన్నడు. కుల్కచర్లల మైకు పోతే ఉత్త గొంతుతోని సంతంతా వినిపించినదాన్ని. టవళ్లు అన్న, మెల్లగ.

రెండు టవళ్లు కొనుక్కొచ్చిన.

ఫిబ్రవరి 7.

టవళ్లు మంచిగనే ఉన్నయ్.

ఫిబ్రవరి 10.

నా బిడ్డ పూజిత ఫోన్ల చెప్పింది. టేపుతో రొమ్ము కింద ఒకసారి, రొమ్ము మీద ఒకసారి కొలవాల్నట. నన్ను ఎవరు కొలిచిన్రు? టైలర్ కూడ కొలవడు. ఆది జాకెట్ పంపుతం, దాన్ని చూసి కుడుతడు. హన్మయ్యకు అదే ఇచ్చి షాపుకు పంపిన. ఏటేటా కుట్లిప్పి వదులు చేసుకున్న జాకెట్. షాపాయన దాన్ని పరిచి కొలిచి నలభై ఇచ్చిండు.

ఫిబ్రవరి 12.

నలభై తొడుక్కొని పూడూరు కూడికకు పోయిన. వాక్యం చెప్తుంటే పట్టీ జారుడు, కొంగు కింద నుంచి నేను గుంజుకునుడు. ముందు వరుసల ముసలామె చీమ పాకిందేమో అని లేచొచ్చి నా వీపు దులిపింది.

ముప్పై నాలుగు కోస్తది. నలభై జారుతది. ఎల్లుండే తాండూరు.

ఫిబ్రవరి 14. తాండూరు. సాయంత్రం.

స్టేజీ ఎక్కే ముందు బ్రా తీసి సంచిల పెట్టిన. శాలువ కప్పుకున్న. సౌలు కవచం దావీదుకు పట్టలే, తీసి పక్కన పెట్టి యుద్ధానికి పోయిండు, ఒకటో సమూయేలు 17:39. అదే చెప్పిన. రెండు చేతులూ లేసినయ్.

అక్కడ ఆపితే అయిపోతుండె. భుజాల మీద భారం ఉన్నోళ్లు ప్రార్థనకు ముందుకు రమ్మన్న. మనసు భారం అన్న అర్థంలనే అన్న. మొదట రాహేలమ్మ వచ్చింది, కర్ణాటక దిక్కు ముసలామె. భుజం మీద చెయ్యి పెట్టిన. రవిక మీదికెల్లే తగిలింది. గుంట. పక్కామెకు పెట్టిన. గుంట. ఆఖరుకు పద్మారాణి తల వంచుకొని వచ్చింది. ఆమెకు నాకన్నా లోతుగ.

గద్దించనీకి నోరు తెరిచిన. ఎవర్ని గద్దించాలె? తెలిసి దాచి ప్రార్థన చేస్తే అబద్ధమైతది. చెప్తే తాండూరుల నన్ను మళ్ల స్టేజీ ఎక్కనియ్యరు. మైకు దగ్గరికి తీసుకున్న.

"అక్కలారా, ఈ భుజం మీది గుంట సైతాను పని కాదు. మనం తొడిగే బ్రా సైజ్ తప్పు."

మైకు చూసుకునే పిలగాడు బయటికి పోయిండు. పద్మారాణి కండ్లు మూసుకుంది. రాహేలమ్మ ఒక్కతే అడిగింది, మరి సరైనది ఎట్ల తెలుస్తది బిడ్డా అని.

టేపుతో కొలవాల్నట, నేనే ఇంక కొలుసుకోలే, నాకు తెల్వదు అన్న. స్టేజీ మీద ఆ మాట ఎన్నడూ అనలే.

ఫిబ్రవరి 15. తాండూరు.

పొద్దున నేను దిగిన ఇంటికి పద్మారాణి వచ్చింది. నిన్నటి ముచ్చట ఎత్తలే. బట్టల షాపు తెరిచే ఏళయింది, పోదమా అక్కా అన్నది. ఆమె ఎనుక రాహేలమ్మ. ఆమె ఎనుక గల్లీ నిండ సభకొచ్చిన ఆడోళ్లు.

షాపాయన లేచి నిలబడ్డడు. టేపు ఇయ్యమన్న. ఎవరికమ్మా అన్నడు.

"అందరికి. నువ్వు జర బయట కూసో."