పిల్లి వ్యాసానికి సవరణ

అద్దంకి,
18-3-1962

సంపాదకులు గారికి,

పోయిన నెల మీ పత్రికలో నా సైన్సు శీర్షికలో "పిల్లికి ఇల్లే ముఖ్యం, మనిషి కాదు" అని రాశాను. నా దగ్గరున్న పుస్తకాలు మూడూ ఆ మాటే అన్నాయి. మా పిల్లి కూడా అందుకు సాక్ష్యంగానే కనిపించింది. బళ్లో టీచరుగా పనిచేసిన నా భార్య రెబ్కా పోయిన దగ్గర్నుంచీ అది గడప దాటకుండా ఆమె పరుపు మీదే పడుకునేది. నేను ఇంటిని చూశానే గాని పరుపు సంగతి ఆలోచించలేదు.

పదిరోజుల కిందట దూది ఏకే మీరావలిని పిలిచి, ఆ పరుపు దూది ఏకించి కొత్త గుడ్డలో కుట్టించాను. పాత గుడ్డ అతను తీసుకెళ్లాడు. ఆ సాయంత్రం నుంచి పిల్లి లేదు. మూడోరోజు మీరావలి భార్య జానీబీ కబురు పెట్టింది. వెళ్లి చూస్తే, రెండు వీధుల అవతల వాళ్ల వసారాలో, ఆ పాత గుడ్డ మీదే ముడుచుకుని ఉంది.

"ఉతుకుదామంటే గుడ్డ తియ్యనివ్వట్లేదండీ, రక్కుతోంది," అంది జానీబీ. "టీచరమ్మగారి వాసన తగుల్తోందేమోనండీ."

పిల్లినీ గుడ్డనూ కలిపే ఇంటికి తెచ్చుకున్నాను. కాబట్టి దయచేసి సవరణ వేయండి: పిల్లి ఇల్లు వదిలి వెళ్లింది.

నేనూ ఆ గుడ్డ వాసన చూశాను. దూది దుమ్ము తప్ప నాకేమీ తగల్లేదు. దానికి మాత్రం ఇంకా తగులుతోంది. మనిషి వాసన ఎన్నాళ్లు నిలుస్తుందో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అందుకే పిల్లి ఆ గుడ్డ మీద ఉందో లేదో రోజూ తేదీ వేసి రాసుకుంటున్నాను.

అది లేచి వెళ్లేదాకా గుడ్డ ఉతకను.

ఇట్లు,
మీ సైన్సు శీర్షిక రచయిత