రాళ్ళకు కాళ్ళొచ్చిన కంచె

అక్కయ్యకు తమ్ముడు సూరిబాబు దండాలు.

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. మోకాలు కూడా మునుపటిలా పీకడం లేదు. అక్కడ నీ ఆయాసం ఎలా ఉంది, బావగారు బీపీ మాత్రలు వేళకు వేసుకుంటున్నారా, వానలకు పెరటి గోడ నిలిచిందా, అన్నీ తెలియజెయ్యి. ఫోనులో మాట్లాడదామంటే బావగారు స్పీకరు పెట్టి వీధంతటికీ వినిపిస్తారు. అందుకే కాగితం తీసుకున్నాను. తోట మేనేజరు ఫోను చేసి నా గురించి చెప్పిన మాటకు జవాబు ఇందులోనే ఉంది. ఓపిగ్గా చదువు.

కొబ్బరి చెట్టెక్కలేని వాడికి మన కోనసీమలో పనేముందని ఇంత దూరం వచ్చానా, వడమాలపేట దాటి పుత్తూరు వెళ్ళే దారిలో నేను పనికి చేరిన మామిడి తోట. చుట్టూ ఎర్రటి గట్టి నేల, ఎండకు కాగే గుట్టలు. పొద్దున్నే రాగి సంగటి. మొదటి వారం దాన్ని గోడకు కొడితే తిరిగి చేతికొస్తుందనుకున్నాను. ఇప్పుడు రెండు ముద్దలు తింటున్నాను. బాగుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. సాయంత్రమైతే షెడ్డులో నాతో మాట్లాడేది పంపుసెట్టు ఒక్కటే.

యజమాని చెన్నైలో ఉంటాడు. నెలకోసారి కారులో వచ్చి, గేటు దగ్గర ఫొటో దిగి, కారు దిగిన చెప్పులకు దుమ్ము అంటకముందే వెళ్ళిపోతాడు. మామిడి చెట్లు నీళ్ళు లేక ఆకు ముడుచుకుంటుంటే కంచె రాతి స్తంభాలకు తెల్ల రంగు వేయించాడు. మేనేజరు సంగతి చెప్పనే అక్కర్లేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నేను చెమటోడ్చి బిగించిన తీగను వేలితో మీటి, వీణ విన్నట్టు తలాడిస్తాడు. అతని చేతికి గునపం ఇస్తే ఏ కొస నేలకు ఆనించాలో తెలియదు. గునపాన్ని ఇక్కడ గడ్డపార అంటారు, ఆ మాట ఒక్కటే అతనికి వచ్చు.

అక్కడ నా పని కంచె బిగించడం. ఎండకు తీగ సాగుతుంది, పశువులు ఒరుసుకుంటే జారుతుంది. కొస ఊడదీసి, గునపానికి చుట్టి, మెలి పెట్టి లాగి, మళ్ళీ రాయికి కట్టాలి. అరచేతులు కొబ్బరి పీచులా తయారయ్యాయి. దానికి నేను బాధపడలేదు.

ఒకరోజు మేనేజరు నన్ను తోట వెనక వైపుకు తీసుకెళ్ళాడు. కంచె అవతల మునెమ్మ అనే ఆవిడ శనక్కాయ చేను.

"ఏమప్పా సూరిబాబు, రాళ్ళు వొంగి ఉండాయి సూడు. తీగ బిగించేటప్పుడు కొంచెం అవతలికి నాటు" అన్నాడు.

రాళ్ళు నిటారుగానే ఉన్నాయి. "ఎంత అవతలికి?" అన్నాను.

"ఒగ మూర. ఎవురు సూస్తారు?"

నేనే చూశాను, అక్కయ్యా. చూసి కూడా నాటాను. నాది కాని నేలకు నేనెందుకు అడ్డం పడాలి అనుకున్నాను. ఇద్దరు కూలీలు రాళ్ళు మోశారు. కొత్త గుంట తీయడం, పాత గుంట పూడ్చి పైన ఎండు గడ్డి చల్లడం, తీగ బిగించడం నా వంతు. నాలుగు రోజుల్లో పదకొండు రాళ్ళు.

అయిదో రోజు మునెమ్మ వచ్చి నిలబడింది. నా కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. "ఏమబ్బా, మీ రాళ్ళకు కాళ్ళొచ్చినాయా? మొన్న ఆడ ఉండె, ఈ పొద్దు ఈడికొచ్చినాయి" అంది.

"నాకేం తెలుసు, మేనేజర్ని అడుగు" అన్నాను.

ఆవిడ నా చేతిలో గునపం చూసి, "పోనీలే పాపం, కూలోడివి. నీకేం తెలుస్తాది" అని వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. జాలిపడింది. మేనేజర్ని చూసి పొద్దస్తమానం నవ్వుకునే నన్ను ఆవిడ అతని కంటే తక్కువ లెక్కలో వేసింది.

మూడు వారాలకు ఆవిడ అర్జీ మీద సర్వేయరు వచ్చాడు. మూలన ఉండాల్సిన హద్దు రాయి లేదు. ముందు కంచె ఎక్కడుండేదని అడిగితే మేనేజరు, "ఈడే సార్, మొదట్నించీ ఈడే. కావాలంటే మా మనిసిని అడగండి. తీగ బిగించేది ఆయనే" అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి తీసేసి గునపం అందుకున్నాను. కంచెకు ఇవతల, తోట వైపు నేల మీద ఒక చోట పొడిచాను. ఠంగుమని ఎగిరింది. రెండడుగులు జరిగి పొడిచాను. మూరెడు లోతుకు మెత్తగా దిగింది. అలా పదకొండు పాత గుంటల్లోనూ దింపి చూపించాను. పూడ్చింది నేనే కాబట్టి వెతుక్కునే పని లేకపోయింది.

"మతి పోయిందా నీకు?" అన్నాడు మేనేజరు. కళ్ళద్దాలు తీస్తే అతని కళ్ళు ఎంత చిన్నవో అప్పుడే చూశాను.

సాయంత్రానికి నా పెట్టె గేటు బయట ఉంది. ఆ మర్నాడే అతను బావగారికి ఫోను చేశాడు. తీగ చుట్ట అమ్ముకున్నానట. ఆ అబద్ధం కూడా సరిగ్గా అల్లలేకపోయాడు. ఆ చుట్టను ఇద్దరు మోస్తే గాని లేవదు. నేను తీగ దొంగిలించలేదు. మునెమ్మ నేలను మాత్రం నాలుగు రోజులు నా చేతులతో దొంగిలించాను. బావగారు వీధిలో చెప్పదలిస్తే ఇదే చెప్పమను.

కంచె పాత చోటికి వచ్చింది. కొత్త మనుషులతో కట్టించారు. తీగలు బట్టలారేసే దండేల్లా వేలాడుతున్నాయి. నేను వడమాలపేటలో గది తీసుకుని, చుట్టుపక్కల తోటల్లో ఇదే పని చేస్తున్నాను. తిండికి లోటు లేదు, నిజంగా లేదు, దిగులు పెట్టుకోకు. తిరుపతి వెళ్ళినప్పుడు అలిపిరి మెట్ల దగ్గర నీ పేరున కొబ్బరికాయ కొట్టాను. ఇక్కడి కొబ్బరికాయ పిడికిలంత ఉంది, దేవుడు సర్దుకోవాలి. వీలైతే మాగాయ ఒక సీసా పంపు.

నిన్న మునెమ్మ నా గదికి వచ్చింది. మెచ్చుకుంటుందేమోనని మంచం మీద దుప్పటి సరిచేశాను. "పదకొండు నాటినంక గుర్తొచ్చిందా నీకు?" అంది. ఆ వెంటనే, "నా సేనికి మిగతా మూడు పక్కలా కంచె ఏయాల. నువ్వు బిగించిన తీగ గట్టిగుంటాది. సోమారం రా. నేను కుర్చీ ఏసుకుని ఆడనే కూసుంటా, ఒక్కొక్క రాయి నాటేది సూస్తా" అంది.

కుర్చీ నీడలో వేసుకోమన్నాను. సోమవారం నుంచి ఆ పని.

బావగారికి నా నమస్కారాలు. పెద్దమ్మ కాళ్ళకు నా బదులు నువ్వే దణ్ణం పెట్టు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ముగిస్తున్నాను.

నీ తమ్ముడు
సూరిబాబు