పదింటికి కాదు, ఎనిమిదింటికే

ఏమండీ,

ఇడ్లీలు కుక్కర్‌లో ఉన్నాయి, చట్నీ ఫ్రిజ్‌లో ఉంది. తినగానే బీపీ మాత్ర వేసుకోండి. అమ్మాయిని మీరు లేపితే గానీ లేవదు. కార్ మీకే వదిలేశాను, నన్నూ నా సైకిల్‌నీ పక్కింటి మైత్రి వ్యాన్‌లో తీసుకెళ్తోంది.

ట్రయాథ్లాన్ పదింటికని మీకు అబద్ధం చెప్పాను. ఎనిమిదింటికే లేక్‌లోకి దిగాలి. సైకిల్‌కీ పరుగుకీ నాకు భయం లేదు. నేను ఈదుతుంటే మాత్రం మీరు చూడకూడదనుకున్నాను. "నలభై ఎనిమిదేళ్ళకి ఈతేంటోయ్, బాత్‌టబ్ చాలదా?" అని అందరి ముందూ నవ్వారు కదా, అది ఇంకా గుచ్చుతోంది.

ఇంకో సంగతి కూడా దాచాను. పోయిన ఆదివారం ప్రాక్టీస్‌లో సగం దూరం కూడా ఈదలేకపోయాను. ముందురోజు తలకి పట్టించిన కొబ్బరినూనెకి టోపీ జారిపోయింది, దాంతోపాటే గాగుల్స్ ఊడిపోయాయి. కాలికి నేల అందక, ఊపిరాడక వెనక్కి వచ్చేశాను. ఇంటికొచ్చి బాగా జరిగిందన్నాను. ఈ వారమంతా నూనె ముట్టలేదు. అయినా భయం పోలేదు.

వ్యాన్ వచ్చేసింది.

వకుళ

మనసు మార్చుకున్నాను, ఏడున్నరకల్లా రండి. గట్టు మీద నాకు కనబడేలా నిలబడండి. మధ్యలో నేను మాకు కాపలాగా తిరిగే కయాక్ పడవని పట్టుకుని ఆగితే కంగారుపడి కేకలు పెట్టకండి, అలా కాసేపు ఆగొచ్చట. దాన్ని వదిలాక మాత్రం గట్టిగా పిలవండి. 'ఏమోయ్' అని కాదు, పేరు పెట్టి.