మొద్దుబారిన చెయ్యి

అక్కా,

మంగళవారం పన్ను పీకించుకుంటున్నాను. మత్తు ఇంజెక్షన్ నాకు పడదుగా, అందుకే డాక్టరమ్మ హిప్నాటిజం చేస్తానంది. ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసిన రోజులు తలుచుకుని, చెయ్యి మంచులో పెట్టినట్టు ఊహించుకోమంది. మొద్దుబారాక ఆ చేత్తో దవడ తాకితే, అదీ మొద్దుబారుతుందట. మూడుసార్లు సాధన చేశాం. చేతిమీద సూదితో గుచ్చినా నొప్పి తెలియలేదు.

"ఆ నిద్రలో నోటికొచ్చిందల్లా వాగేస్తావే, వద్దు!" అని ఫోన్‌లో గోల పెట్టావు. డాక్టరమ్మనే అడిగాను. నాకిష్టంలేని మాట నాచేత ఎవరూ చెప్పించలేరంది.

అయినా బావకి తెలియకూడని నీ సంగతి, పన్నెండేళ్లుగా మెలకువగా ఉండే దాచాను. కాసేపు కళ్లు మూసుకుంటే బయటపెడతానా?

మంగళవారం నా పక్కన కూర్చోవడానికి బావనే రమ్మన్నాను.

నీ చెల్లి