మామయ్య పేరున పెట్టిన ఉండ

పినపాక దగ్గర, మన తండా
24 అక్టోబర్ 2025

ఆడబిడ్డ భార్గవికి,

వదిన జ్యోత్స్న ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ, అనిల్‌కుమార్ గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో మాట్లాడితే అత్తయ్య చెవిన పడుతుందని, ఇవాళ ఖమ్మం వస్తున్న మన తండా తుల్సీరాం చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు నేర్పిన బిస్కెట్ ఉండలు దీపావళికి చేశాను. మేరీ బిస్కెట్లు రోట్లో దంచి, జల్లించి, కోకో పొడి, చిక్కటి డబ్బాపాలు కలిపాను. నువ్వు చెప్పిన రమ్ముకు బదులు మన ఇప్పసారా పోశాను. పొయ్యి వెలిగించే పని లేదు కనుక ఘాటు అలాగే నిలిచింది. ఉండలు చుట్టి, కొబ్బరిపొడిలో దొర్లించి ఫ్రిజ్‌లో పెట్టాను. అత్తయ్యకు డాక్టర్ మాట గుర్తుచేస్తే, "తాగొద్దన్నడు గాని నమలొద్దన్నడా?" అంటూ ఇంకొకటి అందుకున్నది.

అమావాస్యనాడు పెద్దల పేరున సారా చుక్కలు నేల మీద వదలాలి కదా. సీసా చూస్తే ఖాళీ. సారా అంతా ఉండల్లోకే పోయింది. మీ అన్న కోటేష్ నన్ను కోప్పడబోతే అత్తయ్యే ఆపి, "ముసలోళ్లకు పండ్లు లేకున్నా గిది మెత్తగనే ఉన్నది, పెట్టుండ్రి" అన్నది. చుక్క అయితే నేలలో ఇంకితే అందినట్టు; ఉండ అయితే తెల్లారేసరికి ఆకు ఖాళీ కావాలని కూడా ఆమే తేల్చింది. పెరట్లో మోదుగాకులు పరిచి, పోయినవాళ్లను పేరుపేరునా పిలిచి, ఆకుకొక ఉండ పెట్టాం. నువ్వు పట్టుబట్టావని మీ అన్న చివరి ఆకు దగ్గర మీ నాన్న పేరు పిలిచాడు.

మామయ్య ఇప్పపువ్వు ఏరడానికి అడవికి వెళ్లి తిరిగిరాక ఏడాది దాటింది. దినం చేసేద్దామన్న నీ మాటలో తప్పు లేదు. కానీ ఆయన వాటా ఆయనకు అందిందంటే ఆయన పోయినట్టే, అత్తయ్య భుజాల గాజులు తీసేయాలి. ఆ పేరు పిలుస్తున్నంతసేపూ ఆమె గాజుల మీద నుంచి చెయ్యి తీయలేదు.

మర్నాడు చూస్తే అన్ని ఆకులూ ఖాళీ. చీమలో, ఎలుకలో, పెద్దలో తెలియదు. మామయ్య ఉండ మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క చీమ కూడా దాని దరికి రాలేదు. అత్తయ్య దాని ముందు కూర్చుని, "చూసిండ్రా, నా మొగుడు సచ్చినోళ్ల బంతిల కూసోలే" అని నవ్వింది. అప్పటినుంచి పూటపూటకూ ఆయన కంచంలో అన్నం వడ్డిస్తున్నది. ఆ ఆకును ఎవరినీ తీయనివ్వడం లేదు.

ఆదివారం వచ్చినప్పుడు దినం మాట ఎత్తకమ్మా.

నీ వదిన,
జ్యోత్స్న

తా.క.: పై ఉత్తరం మీ అన్న చదివాడు. ఇది ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. మామయ్య పేరున పెట్టిన ఉండలో నేను కర్పూరం నూరి కలిపాను, ఏ పురుగూ ముట్టకూడదని. అత్తయ్య చేతులను బోసిగా చూడలేననిపించింది. ఈ పొద్దున పెరడు ఊడ్వబోతే ఆ ఉండ లేదు. పొడి రాలలేదు, మట్టిలో గోటి గుర్తు కూడా లేదు. అన్నం తిని లేచినవాళ్లు మడిచినట్టు ఆకు లోపలికి మడిచి ఉంది. అత్తయ్య లేవకముందే ఆకు విప్పి ఇంకొక ఉండ పెట్టాను. ఇప్పుడామె దాని పక్కనే కూర్చుని, ఆయన వచ్చేసరికి మెరవాలని, గాజులు సబ్బుతో తోముకుంటున్నది. ఆదివారం దాకా ఆగకు. రేపటి మొదటి బస్సుకే రా.