తాతగారి అంకెలు

మనవడు గారికి,

పెద్దల పగటి కేంద్రం ఇన్‌చార్జి నమస్కారాలు. డిమెన్షియా ఉన్నవాళ్ళ కోసం మేం పెట్టిన బొమ్మల క్లాసులో మీ తాతగారు నెలరోజులుగా కుంచె ముట్టలేదు. కనబడ్డవాళ్ళనల్లా పైనుంచి కిందికి చూసి అంకెలు చెబుతున్నారు. నన్ను చూసి "నలభై" అన్నారు. నాకు ముప్పై నాలుగే. అంకెలు ఇష్టమేమోనని లెక్కల ఆటలిస్తే విసిరికొట్టారు. సోమవారం కమిటీ వస్తోంది. క్లాసు ఆయనకు పనికిరాదని తేలిస్తే అందులో ఆయన కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఇట్లు,
ఇన్‌చార్జి

తా.క. నేను నిజంగా నలభై ఏళ్ళదానిలా ఉన్నానా?

---

ఇన్‌చార్జి మేడమ్ గారికి,

ఆ కుర్చీని మా వంశం వదలదని సవినయంగా మనవి. తాత యాభై ఏళ్ళు దర్జీ. ఆయన చెప్పింది మీ వయసు కాదండీ, మీ తెల్లకోటు పొడవు, అంగుళాల్లో! పేర్లు మరిచిపోయాడు గానీ కొలతలు మరవలేదు. కుంచె పక్కన పెట్టి టేపూ సుద్దముక్కా ఇచ్చి చూడండి.

విధేయుడు,
దర్జీగారి మనవడు

తా.క. నా దగ్గరే ఆయన కన్ను తప్పుతోంది. ఎప్పుడొచ్చినా నన్ను చూసి "ఛాతీ ఇరవై నాలుగు" అంటాడు. నాది ముప్పై ఎనిమిది. ఊపిరి పీలిస్తే ముప్పై తొమ్మిది. నా పేరు ఎటూ పోయింది, కొలత కూడా పోతే ఎలాగండీ?

---

మనవడు గారికి,

మీ మాట విని టేపు ఇచ్చాను, నా బుద్ధి తక్కువై. క్లాసంతా కుంచెలు పడేసి ఆయన ముందు క్యూ కట్టింది. వంటామె కూడా నిలబడింది, పొయ్యి మీద గిన్నె మాడింది. తాతగారు డ్రాయింగ్ టీచర్ వీపు మీద సుద్దతో గీతలు గీశారు. "ఆయనో నేనో తేల్చండి" అంటోందావిడ. ఇప్పుడు కత్తెర అడుగుతున్నారు. చచ్చినా ఇవ్వను.

ఇట్లు,
తలపట్టుకున్న ఇన్‌చార్జి

తా.క. నా కోటు రెండంగుళాలు తగ్గించాలట. నిజమే, మోకాళ్ళకు తగులుతోంది.

---

మేడమ్ గారికి,

పిల్లలు వాడే గుండ్రటి మొనల కత్తెర, పాత పేపర్లు ఇవ్వండి. దర్జీ ముందు కాయితం మీదే కత్తిరిస్తాడు. ఆ కాయితపు చొక్కాల మీద మిగతావాళ్ళు రంగులేస్తారు. టీచరుగారి క్లాసు టీచరుగారికి దక్కుతుంది. సోమవారం నాకు పరీక్ష. కమిటీ కాదంటే మాత్రం మంగళవారం వచ్చి ఆ కుర్చీ కాళ్ళు పట్టుకు కూర్చుంటాను. నన్ను కూడా మోసుకెళ్ళాల్సిందే.

మొండివాడు,
మనవడు

తా.క. మోసేవాళ్ళ సౌకర్యార్థం మరోసారి: ముప్పై ఎనిమిది.

---

మనవడు గారికి,

మోసే పని తప్పింది. కమిటీ వచ్చేసరికి బల్ల నిండా కాయితపు చొక్కాలు. ఒకదాని మీద చారలు, ఒకదాని మీద చేపలు. టీచరే గుండుసూదులు అందిస్తోంది. తాతగారు అధ్యక్షుణ్ణి చూసి "నడుము నలభై నాలుగు" అన్నారు. ఆయన పొట్ట లోపలికి లాక్కుని "నలభై రెండేనండీ" అని బతిమాలాడు. టేపు పెట్టి చూస్తే నలభై నాలుగే. అధ్యక్షుడు కుంచె తీసుకుని తన కొలతకు కత్తిరించిన కాయితపు చొక్కాకు తనే రంగేసుకున్నాడు. కుర్చీ తాతగారిదే.

ఇట్లు,
ముప్పై ఎనిమిది అంగుళాల కోటులో,
ఇన్‌చార్జి

తా.క. అందరికీ టేపు పెట్టే మనిషి ఒక్క చొక్కా మాత్రం కొలవకుండా కత్తిరించారు. బుల్లి చొక్కా, ఛాతీ ఇరవై నాలుగు. ఎవర్నీ రంగు వెయ్యనివ్వకుండా ఒళ్ళో పెట్టుకున్నారు. ఎవరికండీ అంటే, "మా మనవడికి. బడి వదిలేశారు, వచ్చేస్తుంటాడు" అని గుమ్మం వైపు చూశారు. ఆయన కన్నేం తప్పలేదు బాబూ. సైజు చూసుకోవడానికి ఒకసారి రండి. ఊపిరి మాత్రం పీల్చకండి, చిరుగుతుంది.