నా వైపు సముద్రం

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సౌదీలో జిజాన్ రేవు బయట అదే పడవ, అదే పని. పడవకు ఏదీ అడ్డు రాకుండా దుర్భిణి పట్టుకుని ఎడమవైపు కాపలా కాసేది ఇంకా నేనే.

తెల్లవాళ్ళ యుద్ధనౌకలో వంటపనికి వెళ్ళిన మీ తాత సంగతి నువ్వు మొదటిరోజే చెప్పావు. ఆ ఓడ పైన పొడవాటి గొట్టం ఉండేదట. దాని రెండు చివర్ల నుంచి వచ్చే బొమ్మలు లోపల ఒక్కటిగా కలిస్తే, శత్రువు ఓడ ఎంత దూరంలో ఉందో తెలిసేదట. గొట్టం దగ్గరివాడు ఆ ఒక్క ఓడనే చూస్తాడు. అందుకని కాపలావాళ్ళు ఎవరి వైపు వాళ్ళు చూస్తూనే ఉండాలి. "ఎవుడు అరిసినా తల తిప్పకురా. నీ వైపు ఒగ్గీకు" అన్నావు.

నువ్వు పోయిన రోజు కుడివైపు డాల్ఫిన్లని ఎవరో అరిస్తే నేను తిరిగాను. నా వైపు నుంచి తేలుతూ వచ్చిన దుంగ పడవను కొట్టింది. ముందు నిలబడి తాళ్ళు సర్దుతున్న నువ్వు నీళ్ళలో పడ్డావు. సాయంత్రానికి గానీ దొరకలేదు.

దుంగ కనపడలేదని అక్కకు చెప్పాను. నేను ఆ వైపు చూడనేలేదని ఇంతవరకూ చెప్పలేదు.

ఇవాళ మళ్ళీ డాల్ఫిన్లు వచ్చాయి. కుడివైపు కాపలా ఉన్న బంగ్లాదేశీ "దేఖో భాయ్, ఇధర్ దేఖో" అని పిలిచాడు. వంటవాడు గరిటెతోనే అటు పరిగెత్తాడు. బంగ్లాదేశీ పిలిచి పిలిచి ఊరుకునేదాకా నేను తల తిప్పలేదు.

నా వైపు వట్టి నీళ్ళే ఉన్నాయి, బావా.